ఈ-రీడర్ నాలుగేళ్ళు వాడాక: బ్యాటరీ సంగతే చెప్తాను

మా ఆయన ఓడలో ఇంజనీరు. ఒకసారి ఎక్కితే దాదాపు ఆరు నెలలు ఇంట్లో నేనూ, మా అత్తయ్యా. అన్నాళ్ళు ఎలా గడుస్తుందమ్మా అని ఎవరైనా అడిగితే "పుస్తకాలున్నాయిగా" అనేదాన్ని. అది విని ఒక సెలవులో ఆయనే ఈ-రీడర్, అంటే పుస్తకాలు చదువుకోవడానికే చేసిన పలక లాంటి మిషను, కొనిచ్చి వెళ్ళారు. తెర ఎంత, మెమరీ ఎంత అన్నవి ఏ కంపెనీదైనా అటూ ఇటూగా ఒకటే, వాటి జోలికి పోను. నాకు దాని మీద ప్రేమ పుట్టింది బ్యాటరీ వల్ల.

మాది విజయవాడలో సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చేసింది. చూస్తుండగానే కింది వాటా మునిగింది. మేం పై వాటాలో ఉంటాం కాబట్టి బతికిపోయాం. ఓనరుగారి కుటుంబం ఇద్దరు మనవళ్ళతో సహా మా ఇంట్లోకి వచ్చేసింది. కరెంటు లేదు. మా ఇన్వర్టరు మెట్ల కింద, నీళ్ళలో. ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నా ఫోనూ, ఒక పవర్ బ్యాంకూ మాత్రం ఆయన కోసం దాచుకున్నాను. పొద్దున ఒకసారి ఆన్ చెయ్యడం, "అందరం బాగున్నాం" అని మెసేజ్ పెట్టడం, జవాబు చూసుకుని ఆపెయ్యడం. సముద్రం మధ్యలో ఉన్న మనిషి, ఇంటి చుట్టూ నీళ్ళున్నాయని టెన్షన్ పడటం!

పగలు ఎలాగో గడిచేది. పడవ వచ్చిందా, డ్రోన్ పొట్లం వేసిందా, పాల ప్యాకెట్లు ఎవరికైనా దొరికాయా అని చూడ్డమే పని. రాత్రే కష్టం. చీకటి, దోమలు, కింద నీళ్ళ చప్పుడు, పిల్లల ఏడుపు. అప్పుడు హ్యాండ్‌బ్యాగులో పడున్న ఈ-రీడర్ గుర్తొచ్చింది. చూస్తే చార్జింగ్ సగం కూడా లేదు. వైఫై తీసేసి, లైటు బాగా తగ్గించి, అందులో ఉన్న జానపద కథలు పైకి చదవడం మొదలుపెట్టాను. రాజకుమారుడు బావిలోకి దిగే చోట పెద్ద మనవడు ఆపి, "ఆ బావి ఎంత లోతు? మన మెట్లలో ఎన్ని?" అన్నాడు. ఏ మెట్టు దాకా నీళ్ళొచ్చాయో పొద్దస్తమానం లెక్కపెడుతున్నది వాడే మరి. ఫ్రిజ్జూ బీరువా పోయాయని పగలంతా ఏడ్చిన వాళ్ళ నాయనమ్మగారు ఫక్కున నవ్వేశారు.

రోజూ రాత్రి అదే కార్యక్రమం. బుడమేరు గండ్లు పూడ్చేసరికే 7వ తేదీ వచ్చింది. మా వీధిలో నీళ్ళు తగ్గి కరెంటొచ్చేదాకా ఆ సగం చార్జింగే నిలిచింది. ఇందులో మాయేం లేదు. ఈ-రీడర్‌కి ఉండే ఈ-ఇంక్ తెర మీద అక్షరాలంటే నల్లవీ తెల్లవీ సన్నటి రేణువులు. వాటిని కదపడానికే, అంటే పేజీ మారేటప్పుడే, కరెంటు కావాలి. మారాక పేజీ ఊరికే అలా నిలబడి ఉంటుంది. ఖర్చంతా లైటుకీ వైఫైకీ.

ఇంతవరకే చదివి కొనేస్తే తర్వాత నన్ను తిట్టుకుంటారు. అప్పుడు నేను చదివింది ఈపబ్ ఫైలు, అంటే అక్షరాలు పెంచితే లైన్లు తెరకి తగ్గట్టు సర్దుకునే రకం. తెలుగులో నాకు కావలసిన పాత పుస్తకాలు ఎక్కువగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. అక్కడ పేజీ అంటే బొమ్మ. పెద్దది చేస్తే లైను తెర దాటిపోతుంది, అడ్డంగా తిప్పి అర పేజీ అర పేజీ చదువుకోవాలి. బ్యాటరీ కూడా వాటితో తొందరగా దిగుతుంది. అక్షరాలు పెంచుకోవచ్చని మొదట మురిసిపోయిన అత్తయ్య, తనకిష్టమైన పాత నవల తెరిచాక "దీనికి కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకోవాలే" అని పక్కన పడేశారు. ఈపబ్‌లోనూ మొదట్లో వత్తులు విడిపోయి 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అయ్యేది. మండలి అనే తెలుగు ఫాంటు ఎక్కించాక చాలావరకు సర్దుకుంది.

నాకు అసలు కోపం ఇంకోచోట. ఆయన లేనప్పుడు నా సాయంత్రాలు గడిచేది నిజానికి స్నేహితురాళ్ళ వల్ల. 1989 నుంచీ జరుగుతున్న మన విజయవాడ పుస్తక మహోత్సవానికి కలిసే వెళ్తాం, మిగతా రోజుల్లో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు. ఎవరు కొన్నా అందరం చదవాల్సిందే. పుస్తకం తిరిగిచ్చే వంకతో వచ్చి, టీ తాగి, రెండు గంటలు కబుర్లు చెప్పి వెళ్తారు. ఈ-రీడర్‌లో డబ్బులు పెట్టి కొన్నది అలా చేతులు మారదు, ఇవ్వాలంటే మిషనే ఇవ్వాలి. ఒకావిడకి ఇస్తే నెల దాటినా రాలేదు. బ్యాటరీ తెగ నచ్చిందట.

ఆ బ్యాటరీ కూడా ఇప్పుడు అప్పటిలా లేదు. వారాలకు వారాలు వచ్చేది, ఈమధ్య ఆదివారం చార్జింగ్ పెడితే శుక్రవారానికి అడుగుతోంది. మార్పిద్దామంటే రిపేరు షాపతను "విప్పేటప్పుడు తెర పగిలితే నాకు సంబంధం లేదు మేడమ్" అన్నాడు.

కొనమంటానా? ఇంగ్లీషు ఎక్కువ చదివేవాళ్ళయితే, ఒక్కళ్ళే ఉండే రాత్రులు ఎక్కువైతే, కొనండి. తెలుగే చదువుతూ, ఠాగూర్ గ్రంథాలయం దగ్గర్లో ఉంటే మాత్రం నేను గట్టిగా చెప్పలేను. ఈసారి వచ్చేటప్పుడు కొత్తది తెస్తానంటున్నారు ఆయన. వద్దనను గానీ, ముందు ఆ ఇన్వర్టరుని మేడ మీదకి మార్పించమన్నాను.