పాట ఉచితం, పడక భారం: తిరువయ్యారు ఆరాధనకు వెళ్లొచ్చాం

త్యాగరాజ ఆరాధనకు, అంటే ఆ వాగ్గేయకారుడు పోయిన తిథి నాడు ఆయన సమాధి దగ్గర జరిగే సంగీతోత్సవానికి, తిరువయ్యారు వెళ్లాలని ఏళ్ల తరబడి అనుకుంటూ వాయిదా వేస్తున్న పెద్దవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను. ఉత్సవంలో మిమ్మల్ని ఎవరూ పైసా అడగరు. అడిగేవాళ్లంతా 13 కిలోమీటర్ల దూరంలో, తంజావూరులో ఉంటారు. ముఖ్యంగా లాడ్జి కౌంటర్ల వెనక.

మేం వెళ్లింది 2025 జనవరిలో. త్యాగరాజు సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి ఆ ఏడు జనవరి 18, శనివారం నాడు వచ్చింది. అంటే సంక్రాంతి వెంటనే. తమిళనాడంతా పొంగల్ సెలవుల్లో ఉంది. గదుల వాళ్లకు ఇంతకంటే మంచి రోజులు రావు.

మేమంటే నేను, అక్క, బావగారు. అక్కకు 66 ఏళ్లు. రిటైరయ్యేదాకా పిల్లలకు సంగీతం చెప్పింది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి కానీ శ్రుతి మాత్రం చెక్కుచెదరలేదు. బావగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు సంగీతమంటే అక్క పక్కగదిలో పాడుకుంటుంటే పేపరు చదువుకోవడం. టీ తాగినా జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుంటారు. కింద చెప్పబోయే లెక్కలన్నీ ఆ పుస్తకంలోవే.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మేం సరిగ్గా కనుమ పొద్దున్నే విజయవాడలో పినాకిని రైలెక్కాం. పెద్దలు ఊరికే అన్నారా అని అక్క నెల్లూరు దాటేదాకా గొణుగుతూనే ఉంది. ఆ రాత్రి చెన్నై ఎగ్మోర్‌లో ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారకముందే తంజావూరులో దిగాం. ప్రయాణంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏమీ లేదు. 45 దాటిన ఆడవాళ్లకూ 60 దాటిన మగవాళ్లకూ కింది బెర్తుల కోటా ఉంది కాబట్టి ముగ్గురికీ కిందే వచ్చాయి. వృద్ధులకు టికెట్లో రాయితీ మాత్రం 2020 మార్చిలో పోయింది, మళ్లీ రాలేదు. ఆ సంగతి బావగారు ప్రతి స్టేషన్లోనూ ఎవరో ఒకరికి గుర్తుచేస్తూ వచ్చారు.

ఇక లాడ్జి. స్టేషన్‌కు దగ్గర, లిఫ్టు ఉంది, ముగ్గురికీ ఒకే గది, రోజుకు 2,400. నెలన్నర ముందే ఫోనులో మాట్లాడి, ఒక రోజు అద్దె అడ్వాన్సు పంపి, కింది అంతస్తులోనే గది కావాలని రెండుసార్లు చెప్పాం. సరే సరే అన్నారు. చలిలో, మంచులో, సామాన్లు ఈడ్చుకుంటూ అయిదున్నరకు వెళితే కౌంటర్లో కుర్రవాడు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. లేచి, గది మధ్యాహ్నం 12కే ఇస్తామన్నాడు. ఇప్పుడే కావాలంటే 800 అదనం. ఖాళీ గదులున్నాయా అంటే ఉన్నాయి. మరి ఇవ్వడానికేం అంటే, మధ్యాహ్నం 12. అక్క మోకాళ్లు పట్టుకుని మెట్ల మీద కూర్చునేసరికి బావగారు 800 తీసి ఇచ్చారు. పుస్తకంలో దాని పక్కన ఏదో రాశారు. తర్వాత చూస్తే "నిద్ర లేపినందుకు" అని ఉంది.

గది మూడో అంతస్తులో. లిఫ్టు తలుపుకు తాడు కట్టి, దాని మీద అట్టముక్క వేలాడదీశారు. మరమ్మతు అట. ఆ అట్టముక్క అంచులు అరిగి, వెలిసిపోయి ఉంది. అది నిన్నా మొన్నా కట్టింది కాదని ఎవరికైనా తెలుస్తుంది. అక్క ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ కూడదీసుకుంటూ ఎక్కింది. పైకి చేరేసరికి మొహంలో రక్తం లేదు. వేడినీళ్లు ఏడింటికల్లా అయిపోతాయని మాకు ఏడుంబావుకు తెలిసింది. దుప్పట్లు రెండే. మూడోది అడిగితే 100 రూపాయలు.

ఇవన్నీ ఓర్చుకున్నాం. పదింటికి వచ్చిన మేనేజరును మాత్రం ఓర్చుకోలేకపోయాం. రిజిస్టరు తిప్పి, మా గది అద్దె 4,200 అన్నాడు. ఫోనులో 2,400 చెప్పారు కదా అంటే అది మామూలు రోజుల రేటట, ఇది ఆరాధన రేటట. అడ్వాన్సు పంపినప్పుడు వచ్చిన మెసేజ్ బావగారు చూపించారు. అందులో అంకె ఉంది, తేదీలు కూడా ఉన్నాయి. మేనేజరు చదివి, ఫోను తిరిగిచ్చి, కావాలంటే ఖాళీ చేసుకోవచ్చు, అడ్వాన్సు వెనక్కి ఇవ్వడం మా పద్ధతి కాదు అన్నాడు. తప్పు జరిగిందన్న భావం ఆ మొహంలో మచ్చుకైనా లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. రేటు పెంచుకోవడం వాళ్ల వ్యాపారం, దాన్ని ముందే చెప్పాలి. చీకట్లో మోకాళ్ల నొప్పులతో వచ్చిన మనిషిని మూడంతస్తులు ఎక్కించి, ఇక దిగలేదులే అని తెలిశాక చెప్పడాన్ని వ్యాపారమనరు. ఎవరి పేరు చెప్పి వసూలు చేస్తున్నాడో ఆ త్యాగరాజు సంస్థానం కానుకలు వద్దని ఉంఛవృత్తితో, అంటే ఇంటింటా బిచ్చమెత్తుకుని బతికిన మనిషని ఆ మేనేజరుకు గుర్తుచేయాలని అక్క పట్టుబట్టింది. బావగారు వద్దన్నారు. ఆ ఒక్క పగలూ అక్కడే నడుం వాల్చి, సాయంత్రానికి ఖాళీ చేశాం.

టాక్సీ సంగతీ చెప్పాలి. ఖాళీ చేసే లోపల, మధ్యాహ్నం ఒకసారి తిరువయ్యారు వెళ్లి రావాలని లాడ్జి కుర్రవాడు పిలిచిన కారు ఎక్కాం. రానూపోనూ 1,600, గంట దాటితే వెయిటింగ్ 200. 26 కిలోమీటర్లకు! మర్నాడు తెలివొచ్చి బస్సెక్కాం. తమిళనాడులో 2021 నుంచి మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఏ ఊరని అడగలేదు, కార్డు చూపమనలేదు, కండక్టరు సున్నా టికెట్ చింపి చేతిలో పెట్టాడు. డబ్బు కట్టింది బావగారొక్కరే. అక్కా నేనూ కిటికీ పక్క సీట్లలో కూర్చుని వడవారు, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, చివరికి కావేరి అని దాటుతున్న నదులు లెక్కపెడుతుంటే ఆయన వెనక నిలబడి తన టికెట్ వైపు చూసుకుంటూ వచ్చారు. తమిళంలో అయ్యారంటే అయిదు నదులు, తిరువయ్యారుకు ఆ పేరు అందుకే.

మొదటిరోజు ఆ కారులో వెళ్లినప్పుడే ఒక మంచి జరిగింది. అగ్రహారం వైపు వీధిలో ఒక పెద్దావిడ, ఉత్సవానికి వచ్చేవాళ్లకు ఇంటి ముందుగది ఇస్తుందని కాఫీ దుకాణంలో చెప్పారు. రోజుకు 900. నేల మీద గది, రెండు మంచాలు, ఒక పరుపు. మరుగుదొడ్డి పెరట్లో ఉంది, పాతకాలపుది. అక్కలాంటివాళ్లకు అది కష్టమే, దాచిపెట్టను. కానీ ఆవిడ ఒక ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కోసి చేయించుకున్న ఏర్పాటు ఒకటి ఉంది, తన మోకాళ్ల కోసమేనట. అది చూసి అక్క మొహం వెలిగిపోయింది. బేరం అక్కడే కుదిరింది. తెల్లవారుజామున మూడిళ్ల అవతల ఎవరో సాధన చేస్తుంటే వినిపించే గదికి 900, లిఫ్టుకు తాడు కట్టిన గదికి 4,200. వయసు పైబడినవాళ్లు వెళ్లేటట్లయితే తిరువయ్యారులోనే ఇంటి గది వెతుక్కోండి. దొరక్కపోతే కాస్త దూరమైనా కుంభకోణంలో దిగండి. తంజావూరే కావాలంటే రేటు, తేదీ, అంతస్తు మూడూ రాతలో తీసుకుని, అడ్వాన్సు పంపకుండా వెళ్లండి.

17న పొద్దున తంజావూరు వెళ్లి బృహదీశ్వరాలయం చూసొచ్చాం. 1010 నాటి గుడి, ఎంత చెప్పినా తక్కువే కాబట్టి ఏమీ చెప్పను.

ఆ మధ్యాహ్నమంతా ఉత్సవ పందిట్లోనే. ఒకరి తర్వాత ఒకరు వస్తారు, కొద్ది నిమిషాలు పాడతారు, దిగిపోతారు. చెన్నైలో టికెట్లు పెట్టి వినే విద్వాంసులకైనా, చేతులు వణుకుతూ వయొలిన్ పట్టుకున్న పిల్లకైనా అంతే. బావగారు మొదటి అరగంట వాచీ చూసుకున్నారు. తర్వాత లేచి, బజారుకు వెళ్లొస్తానని మాయమయ్యారు. గంటకు తిరిగొచ్చారు, మీసం మీద నెయ్యి మెరుస్తోంది. అశోకా హల్వా దొరికిందట. ఆ ఊరి ప్రత్యేకత అది. పెసరపప్పును మెత్తగా ఉడికించి, కాస్త గోధుమపిండి, చక్కెర, నెయ్యి వేసి కుంకుమరంగు వచ్చేదాకా కలుపుతారు. మాకూ ఆకులో కట్టించి తెచ్చారు, ఒక్కోటి 30 రూపాయలు. వేలికి అంటుకోకుండా జారుతోంది, నోట్లో పెసరపప్పు కమ్మదనం చివర్న తెలుస్తుంది. ఆయనకు షుగరుంది. ఎన్ని తిన్నారని అక్క అడిగితే పుస్తకం తెరిచి చూపించలేదు. అప్పటినుంచీ మాత్రం ఉత్సవం మీద ఆయనకు గౌరవం పెరిగింది.

పంచమి నాడు ఆరున్నరకల్లా పందిట్లో ఉన్నాం. అప్పటికే ముందు భాగం నిండిపోయింది. నేల మీద పట్టాలు పరిచి ఉంటాయి, కింద ఇసుక చల్లగా తగులుతుంది. కుర్చీలు పక్కల కొన్నే. మడతపెట్టే చిన్న స్టూలు తెచ్చుకున్నాం కాబట్టి అక్క బతికిపోయింది. అది లేకుండా మోకాళ్ల వాళ్లు రావద్దనే అంటాను. చిన్న దిండు, మంకీ క్యాపు, నీళ్ల సీసా కూడా ఉండాలి. మరుగుదొడ్లు తక్కువ, వరుసలు పెద్దవి. పందిట్లో చాలామంది పెద్దావిడలు దాహమేసినా నీళ్లు తాగకుండా కూర్చోవడం చూశాను. వేల మంది వస్తారని తెలిసి కూడా ఈ ఒక్క ఏర్పాటు సరిగా చేయకపోవడం అన్యాయం. టీవీ కెమెరాలు, వాటి వెనక పెత్తనం చేసేవాళ్లు మరో బెడద. మా ముందు ఒకాయన రెండు చేతులతో ఫోను పైకెత్తి మొదటి కీర్తనంతా దాని లోంచే చూశాడు.

తిరుమంజన వీధిలో త్యాగరాజు ఇంటినుంచి ఊరేగింపు వచ్చింది. నాదస్వరం అయ్యాక వేణువుల మీద భైరవి రాగం వాయించారు. ఆ తర్వాత పంచరత్నాలు, అంటే త్యాగరాజు రాసిన అయిదు పెద్ద కీర్తనలు, ఒక్కోటి ఒక్కో రాగంలో. ఎదురెదురుగా వరుసల్లో కూర్చున్న విద్వాంసులు నాటలో ఎత్తుకోగానే పందిరంతా అందుకుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు, అన్నీ ఆది తాళమే. అక్క పక్కన కుంభకోణం వైపునుంచి వచ్చిన ఒకావిడ ఒళ్లో పాత నోటుపుస్తకం. అందులో సాహిత్యమంతా తమిళ లిపిలో, అక్షరాల పైన చిన్న చిన్న అంకెలతో రాసి ఉంది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కాబట్టి ఏది పలకాలో ఆ అంకె చెబుతుంది. "గ" దగ్గర 3 వేసి ఉంది. ఆవిడ వేలు ఆ అంకెల మీద నడుస్తోంది, అక్క చూడకుండా పాడుతోంది, ఇద్దరి తాళమూ ఒకే తొడ మీద పడుతున్నట్టుంది. వరాళి దగ్గర అక్క గొంతు కొంచెం తగ్గింది. వరాళి గురువు శిష్యుడికి నేరుగా చెప్పకూడదని పాతకాలం పట్టింపు. అక్క కూడా తన పిల్లలకు దాన్ని క్యాసెట్టు పెట్టి విని నేర్చుకోమనేదే తప్ప పాడి చెప్పలేదు. ఆ రోజు మాత్రం నోరారా పాడింది. గంటసేపట్లో అయిదూ అయిపోయాయి. గంటసేపు స్టూలు మీద కూర్చున్న మనిషి ఎవరి చేయీ పట్టుకోకుండా లేచింది. మోకాలి నొప్పి గుర్తొచ్చింది మటుకు బయట చెప్పుల దగ్గర.

రద్దీ తగ్గాక సమాధి దగ్గరికి వెళ్లాం. 1920లలో సొంత డబ్బుతో ఆ మందిరం కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ అనే గాయని. ఆడవాళ్లను ఉత్సవంలో పాడనివ్వని రోజుల్లో వాళ్లకంటూ వేరే ఉత్సవం మొదలుపెట్టింది కూడా ఆవిడే. 1952లో పోయారు, ఆవిడ సమాధి త్యాగరాజుకు ఎదురుగానే ఉంది. జనం చాలామంది దాని ముందునుంచి చూడకుండానే పోతున్నారు. మీరు అలా పోకండి.

తిరుగు ప్రయాణానికి టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. తిథి పంచాంగంలో ఉంటుంది కాబట్టి ఆ రోజే కొనేయండి, పొంగల్ దగ్గరపడితే వెయిటింగు లిస్టే. ఇంటికొచ్చాక బావగారు అడ్వాన్సు మెసేజ్ జతచేసి లాడ్జి వాళ్లకు వరసగా ఉత్తరాలు రాశారు. మూడోదానికి 1,000 వెనక్కి పంపారు, కారణం చెప్పలేదు. మిగతా 1,400 కోసం ఆయన వినియోగదారుల ఫోరానికి వెళతానంటున్నారు. అక్క మాత్రం ఆ పెద్దావిడకు ఫోను చేసి, వచ్చే ఏటికి ముందుగది మాకే ఉంచమని చెప్పేసింది.