మీసాలు వచ్చిన పిల్లలకు ఆక్యుపేషనల్ థెరపీ: రాజమహేంద్రవరంలోని ఒక కేంద్రం పనితీరుపై సమీక్ష

పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చిన ఆటిజం పిల్లల కోసం మన గోదావరి జిల్లాల్లో థెరపీ వెతకడం మొదలుపెడితే, దొరికే కేంద్రాల్లో ఎక్కువ భాగం మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు అమర్చినవేనని త్వరలోనే తెలిసిపోతుంది. రంగు బంతుల తొట్టి, పొట్టి ఊయల, మోకాలి ఎత్తు కుర్చీలు ఉంటాయి. మీసాలు మొలుస్తున్న పిల్లవాణ్ని అక్కడ ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచదు. నేను సమీక్షిస్తున్నది రాజమహేంద్రవరంలో ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు (స్నానం, తిండి వంటి రోజువారీ పనులు తమంతట తాము చేసుకునేలా నేర్పే నిపుణురాలు) ఈ వయసు పిల్లల తల్లిదండ్రుల కోసం ప్రత్యేకంగా నడుపుతున్న శిక్షణను. అమలాపురం దగ్గరి మా ఊరి నుంచి నేనూ నా భార్యా మా అబ్బాయిని తీసుకొని ఏడాదికి పైగా అక్కడికి వెళ్తున్నాం. కేంద్రం పేరు రాయడం లేదు; ఉన్నది ఒక్క థెరపిస్టు, ఆమె పిలుపు కోసం ఇప్పటికే ఎన్నో కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. అయినా ఆమె పని చేసే తీరును వివరంగా రాస్తే, కాకినాడలోనో భీమవరంలోనో మరో కేంద్రానికి వెళ్లేవారికి అక్కడ ఏమి అడగాలో తెలుస్తుంది.

మొదటి సమావేశంలో ఆమె పిల్లవాడి చేత ఏ వ్యాయామమూ చేయించలేదు. పొద్దున లేచినది మొదలు రాత్రి పడుకునే వరకు ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారో, ఎక్కడ గొడవ మొదలవుతుందో అడిగి రాసుకున్నారు. ఆ తరువాత వాడిన కొలమానం కెనడాలో తయారై 1991 నుంచి వాడుకలో ఉన్నది. అందులో కుటుంబం తనకు ముఖ్యమనుకున్న సమస్యలను ఐదుకు మించకుండా ఎంచుకొని, ప్రస్తుతం ఆ పని ఎంత బాగా జరుగుతోందో, జరుగుతున్న తీరుతో తాము ఎంత తృప్తిగా ఉన్నారో ఒకటి నుంచి పది వరకు అంకెలు వేయాలి. కొన్ని నెలలకు మళ్లీ వేస్తారు. రెండు అంకెలు పెరిగితే దాన్ని చెప్పుకోదగ్గ మార్పుగా పరిగణిస్తారు. "మీవాడు బాగా ఇంప్రూవ్ అయ్యాడండి" అన్న నోటిమాట మీద ఏళ్ల తరబడి రుసుము కట్టిన నాబోటి వారికి ఈ పద్ధతి నచ్చకుండా ఎలా ఉంటుంది? మేము రాయించినవి స్నానం, గడ్డం గీసుకోవడం, తన చేత్తో అన్నం తినడం, చెప్పకుండా గుమ్మం దాటి కాలవ వైపు వెళ్లిపోవడం. మిగిలిన ఒక్క చోటును ఆమె మా వాడికి వదిలారు. వాడికి మాటలు తక్కువ గనుక బల్ల మీద ఫొటోలు పరిచారు. వాడు కిళ్లీ కొట్టు ఫొటో తీసి ఆమె చేతిలో పెట్టాడు. తన గోళీసోడా తానే కొనుక్కోవాలని వాడికి ఉందన్న సంగతి మా ఊహలో కూడా లేదు.

ఆక్యుపేషనల్ థెరపీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది సెన్సరీ ఇంటిగ్రేషన్, అంటే ఊయల, స్పర్శ వంటి ఆటలతో ఇంద్రియాల స్పందనను సర్దే పద్ధతి. జీన్ ఎయిర్స్ అనే అమెరికన్ థెరపిస్టు 1970ల్లో రూపుదిద్దిన ఈ పద్ధతి ప్రధానంగా చిన్న పిల్లలను ఉద్దేశించినది. ఈ కేంద్రం దాన్ని పక్కన పెట్టలేదు గాని, శబ్దం, స్పర్శ, వాసన విషయంలో పిల్లవాడి శరీరం ఎలా స్పందిస్తుందన్న అవగాహనను గదిలోని ఊయలకు కాకుండా ఇంట్లో చేయదగిన మార్పులకు వినియోగిస్తుంది. తలస్నానం అంటే మా వాడు పెట్టే రాద్ధాంతానికి కారణం నీళ్లు కావనీ, ఎప్పుడు పడతాయో తెలియకుండా ఇంకొకరు నెత్తిన గుమ్మరించే చెంబు అనీ ఆమె పట్టుకున్నారు. చెంబు వాడి చేతికే ఇచ్చి, ఘాటు వాసన ఉన్న సబ్బు మార్చి, తువ్వాలుతో మెల్లగా తుడవడం మాని గట్టిగా అదిమి తుడవమన్నారు. ఇంతకు మించి అందులో ఖర్చు లేదు. ఆన్‌లైన్‌లో విపరీతంగా ప్రచారమయ్యే బరువు దుప్పటి గురించి నేనే అడిగాను. ఆటిజం పిల్లలపై బ్రిటన్‌లో జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో, పిల్లలు ఆ దుప్పటిని ఇష్టపడ్డారే గాని వారి నిద్ర పెరగలేదని వివరించి, ఆ డబ్బు దాచుకోమన్నారు. థెరపీ కేంద్రంలో వస్తువు కొనవద్దన్న మాట వినడం నాకు అదే మొదలు.

పనులు నేర్పే పద్ధతి గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మేము కట్టిన రుసుములో అధిక భాగానికి విలువ అక్కడే దక్కింది. ఏ పనినైనా చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి, ముందు అంచెలన్నీ పెద్దవాళ్లే చేసి, చిట్టచివరి అంచె ఒక్కటే పిల్లవాడికి వదలాలి. అది కుదిరాక చివరి రెండు, ఆపైన మూడు. ప్యాంటు తొడిగి బొత్తాం పెట్టి జిప్పు లాగడం మాత్రం వాడికి విడిచిపెడితే, పని ప్రతిసారీ వాడి చేతిలోనే ముగుస్తుంది, విసుగు పుట్టదు. అన్నం విషయంలో అసలు అడ్డంకి వాడు కాదు, మా అమ్మ. మా ఇంట్లో మామ్మ కలిపి ముద్దలు పెడితేనే వాడు తినేది, పెడితేనే ఆవిడకు తృప్తి. థెరపిస్టు ఆవిణ్ణి తప్పుపట్టలేదు. "మీరు మానొద్దు మామ్మగారూ, ముద్ద చేసి వాడి చేతిలో పెట్టండి, నోట్లో పెట్టుకునే పని ఒక్కటీ వాడిది" అన్నారు. "ఆయ్, అలాగేనమ్మా" అంది మా అమ్మ, నమ్మకం లేకుండానే. నోట్లో పెట్టుకోవడం అయ్యాక ముద్ద చేసుకోవడం, దాని తరువాత పప్పన్నం కలుపుకోవడం వచ్చాయి. చేపల పులుసులో ముళ్లు తీయడం ఇంకా మామ్మ పనే, ఆ హక్కు ఆవిడ ఇప్పట్లో వదులుకునేలా లేదు.

ఈ శిక్షణలో అన్నిటికన్నా విలువైనది ఇంటికి వచ్చి చూడడం. రావులపాలెం, కొత్తపేట మీదుగా మా ఊరు వచ్చి, ఇల్లు చూశాక ఆమె మా వీధి చివరి కాలవ గట్టు వెంట చాలాసేపు నడిచారు. ఆటిజం ఉన్న పిల్లల్లో నీటి ప్రమాదాలు ఎక్కువని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట కింద వీధికొక కాలవ, ఊరికొక రేవు, ఇప్పుడు పొలం పక్కన పొలం రొయ్యల చెరువు ఉన్న మన ప్రాంతంలో ఇది పట్టణపు పుస్తకాల్లో దొరికే విషయం కాదు. ఆమె గమనించిన ఒక సంగతి మాకు ఎప్పుడూ తట్టలేదు. వేసవిలో కాలవలు కట్టేశాక పిల్లలు ఎండిన అడుగున ఆడుకుంటారు, ఆ దారి మా వాడికి అలవాటుగా స్థిరపడుతుంది. మళ్లీ నీరు వదిలిన రోజున కూడా వాడి కాళ్లు అదే దారి పడతాయి. కనుక కాలవ ఎండినప్పుడు కూడా గట్టు దిగనివ్వకూడదని, నడక ముగించి వెనక్కి తిరగవలసిన చోటు ఒకటి, అంటే ఫలానా కొబ్బరి చెట్టు, ఏడాది పొడవునా మారకుండా ఉంచాలని నిర్ణయించారు. గేటుకు గంట కట్టించారు, చేతికి ఫోన్ నంబరున్న పట్టీ వేయించారు, రేవులో బట్టలు ఉతికే ఆడవాళ్లకు, కిళ్లీ కొట్టు యజమానికి వాణ్ని పరిచయం చేయించారు. అన్నిటికీ మించి ఈత నేర్పించమన్నారు, అదీ కొలనులో, ఒంటి మీద బట్టలతో కూడా. కొట్టు యజమాని పరిచయంతోనే గోళీసోడా లక్ష్యం కూడా ముందుకు సాగింది.

యౌవనంలో వచ్చే శారీరక మార్పుల గురించి మన ఇళ్లలో మాట్లాడుకునే అలవాటు లేదు. ఆమె దీన్ని థెరపీలో భాగంగానే చూస్తారు: స్నానాల గది తలుపు వేసుకోవడం, దుస్తులు ఎక్కడ మార్చుకోవచ్చో ఎక్కడ కూడదో, ఎవరు ముట్టుకోవచ్చో, వద్దని ఎలా చెప్పాలో బొమ్మలతో నేర్పుతారు. ఆడపిల్లల తల్లులకు నెలసరి రాకముందే ప్యాడ్ పెట్టుకోవడం అలవాటు చేయించే క్రమం విడిగా ఉంది. ఈ విషయాలకు నెలకోసారి జరిగే తల్లిదండ్రుల సమావేశం బాగా ఉపయోగపడుతుంది. అందులో రొయ్యల రైతులు ఉంటారు, అరటి వ్యాపారం చేసేవారు ఉంటారు. తల్లి కువైట్‌లో పనిచేస్తుంటే మనవరాలిని పెంచుతున్న ఒక అమ్మమ్మ కూడా వస్తారు. ఆ తల్లిని వాట్సాప్‌లో వీడియో కాల్ ద్వారా కూర్చోబెట్టి, అమ్మమ్మకు చెప్పిందే మళ్లీ ఆమెకూ ఓపికగా చెప్పడం చూశాను. మన కోనసీమ ఇళ్ల పరిస్థితి తెలిసినవారే అలా చేయగలరు.

తీర్థాలకు, పెళ్లిళ్లకు తీసుకెళ్లడం గురించి సలహాలు క్లుప్తంగా ఉన్నా పనికొచ్చాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లదలిస్తే ప్రభలు చేరకముందే పొద్దున వెళ్లి రమ్మని, చెవులకు శబ్దం తగ్గించే మఫ్‌లు పెట్టమని, ఇంటికి వెళ్దామని చెప్పడానికి ఒక సైగ ముందే ఖాయం చేసుకోమని, ఆ సైగ చేసినప్పుడు "ఇంకొక్క ఐదు నిమిషాలు" అనకుండా వెంటనే బయలుదేరమని చెప్పారు. చివరి షరతు పాటించడం బంధువుల మధ్య ఎంత కష్టమో ఈ పిల్లల తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక లోపాలు. కేంద్రంలో పురుష థెరపిస్టు లేరు. గడ్డం గీసుకోవడం, స్నానం వంటివి మగపిల్లలకు నేర్పవలసి వచ్చినప్పుడు తండ్రి చేయాలి, ఆమె మాటలతో మార్గం చెప్పాలి; తండ్రి ఊళ్లో లేని ఇళ్లకు ఇది పెద్ద చిక్కు. ఇంటి వద్ద చేయవలసిన కార్యక్రమాన్ని నోటితో చక్కని తెలుగులో వివరిస్తారు గాని కాగితం మీద ఇంగ్లీషులోనే ఇస్తారు, దాంతో రోజూ పిల్లవాడి పక్కన ఉండే మా అమ్మకు ఆ కాగితం ఎందుకూ కొరగాదు. నేనే తెలుగులో తిరగరాసి వంటగది గోడకు అంటించాను. బడితో సమన్వయం పేరుకే ఉంది: టీచర్లకు ఒక ఉత్తరం ఇచ్చి ఊరుకున్నారు. చేతులకు పనిగా కొబ్బరాకు ఈనెలు తీయడం పెట్టారు, వాడు దాన్ని ఎంతో శ్రద్ధగా చేస్తాడు. అయితే దీన్నే రేపటి ఉపాధి దారిగా చెప్పడం నాకు తొందరపాటుగా తోచింది. ఇష్టంగా చేసే పని వేరు, కూలి గిట్టే పని వేరు.

రుసుము గంటకు 700 రూపాయలు, ఇంటికి వస్తే ప్రయాణ ఖర్చు అదనం. మొదట్లో వారానికోసారి వెళ్లాం, ఇప్పుడు నెలకోసారి సరిపోతోంది, మధ్యలో ఫోన్‌లో మాట్లాడతారు. ఇలా తన అవసరాన్ని తానే తగ్గించుకుంటూ పోయే కేంద్రానికి ఆ రుసుము ఎక్కువనను. రసీదుల విషయంలో మాత్రం మొదటి రోజే గట్టిగా ఉండండి. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం ఏర్పాటైన కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, పరిమితికి లోబడి థెరపీ ఖర్చులూ అందులో వస్తాయి. తేదీ, సంతకం, ముద్ర లేని చీటీలు అక్కడ చెల్లవు. మాకు కొంతకాలం అలాంటి చీటీలే ఇచ్చారు, అడిగిన తరువాతే పద్ధతి మారింది. ఏ కేంద్రంలోనైనా థెరపిస్టు ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ చేశారా అని అడగడానికి మొహమాటపడవద్దు. నాలుగేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్ ఉన్న కోర్సు అది.

ఐదేళ్ల లోపు పిల్లలున్నవారికి, మాటలు రప్పించడమే ప్రధానమనుకునేవారికి ఈ కేంద్రం తగదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే మండల భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ పొందుతున్నవారు దాన్ని మానకుండానే ఇక్కడికి రావచ్చు, ఒకదానికొకటి అడ్డం రావు. పన్నెండు దాటిన పిల్లలున్న ఇంటికి, రోజూ పిల్లవాడితో ఉండే మనిషి, మామ్మ అయినా సరే, స్వయంగా వచ్చి కూర్చోగలిగితే, నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఆస్తి పత్రాలు, బ్యాంకు ఖాతా, సంరక్షకత్వం వంటి ప్రశ్నలు ఆమెను అడిగి ప్రయోజనం లేదు. పిల్లలకు 18 ఏళ్లు నిండాక చట్టబద్ధమైన సంరక్షకుణ్ని నియమించేది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ. మేమూ యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), వైద్య ధ్రువపత్రం సిద్ధం చేసుకొని అమలాపురం కలెక్టరేట్‌లో ఆ వివరాలు కనుక్కోవడం మొదలుపెట్టాం.