తోమా చూసిన గాయాలు, చెన్నై చూపిన సృష్టి: ఒక శ్రమల కాలపు యాత్ర

అపొస్తలుడైన తోమా పేరున చెన్నైకి వెళ్లే మన తెలుగు క్రైస్తవులలో చాలామంది శాంథోమ్ బసిలికాలో ప్రార్థించి, మెరీనాలో కాసేపు కూర్చుని, రాత్రి రైలుకే తిరిగి వచ్చేస్తారు. ఈసారి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో అత్తయ్యను తీసుకుని ఒంగోలు నుండి బయలుదేరినప్పుడు, మందిరాలతో పాటు వాటి చుట్టుపక్కల మిగిలి ఉన్న చెట్లనూ సముద్రాన్నీ కూడా తీరికగా చూడాలని మేము ముందే నిశ్చయించుకున్నాము.

మైలాపూరు వైపు ఒక క్రైస్తవ సంస్థ నడిపే అతిథి గృహంలో దిగాము. గదులు శుభ్రంగా ఉన్నాయి, ఆవరణలో వేపచెట్ల నీడ ఉంది, ఉదయం ఇడ్లీ, పొంగలి వేళ తప్పకుండా పెట్టారు. అయితే మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఉన్నారని ఫోనులో చెప్పి కింది గది ఖాయం చేసుకున్నప్పటికీ, వెళ్లేసరికి అది వేరేవారికి ఇచ్చేసి, లిఫ్టు లేని భవనంలో రెండో అంతస్తు చూపించారు. రాత్రి తొమ్మిదికి గేటు మూసివేయడం కూడా మా వంటివారికి ఇబ్బందే. ఎగ్మూరు లాడ్జీలు రైలుకు దగ్గరే గాని, అక్కడ రాత్రంతా వాహనాల మోత తప్పదు.

శాంథోమ్‌లో మొదటి మందిరాన్ని పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో కట్టారు. ఇప్పుడు కనిపించే తెల్లని గోథిక్ కట్టడం 1890లలో బ్రిటిషువారి కాలంలో లేచింది, 1956లో దానికి బసిలికా హోదా వచ్చింది. ముందున్న రోడ్డు హోరు లోపలికి కూడా వినిపిస్తుంది కనుక, ప్రార్థనకు వెళ్లేవారు తోమాదని చెప్పే సమాధి ఉన్న భూగర్భ ప్రార్థనాలయంలోనే ఎక్కువసేపు కూర్చోవడం మంచిది. అక్కడ ఎవరూ తొందరపెట్టలేదు. తోమా సందేహాన్ని గురించి ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాను గాని, ఆయన అడిగినది ప్రభువు మహిమను కాదు, గాయాలను చూడాలనే సంగతి ఆ రాతి పక్కన కూర్చున్నప్పుడు నా మనసుకు గట్టిగా తగిలింది. మెట్లెక్కి పైకి వచ్చాక ఆ మాటే అంటే అత్తయ్య, "ప్రభువు ఆయన్ను కసరలేదు కదమ్మా, చేతులు చాపి చూపించాడు," అన్నారు.

ఎగ్మూరు నుండి మెట్రో గ్రీన్ లైనులో చివరి స్టేషను సెయింట్ థామస్ మౌంట్. అక్కడ దిగి, ఆటోలో ఘాటు రోడ్డు మీదుగా, పరంగిమలై అని పిలిచే ఆ కొండ పైదాకా వెళ్లవచ్చు, మెట్లు ఎక్కలేనివారికి ఇది పెద్ద ఊరట. కొండ ఎత్తు సుమారు 300 అడుగులే. తోమా ఇక్కడే హతసాక్షి అయ్యాడని సంప్రదాయం చెబుతుంది. పోర్చుగీసువారు 1523లో కట్టిన చిన్న మందిరంలో బలిపీఠం వద్ద ఉన్న రాతి సిలువ చుట్టూ పహ్లవీ (ప్రాచీన పారశీక) అక్షరాలు చెక్కి ఉన్నాయి. 1854 నూతన సంవత్సరపు తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దొర ప్రార్థించిన మా ఒంగోలు ప్రార్థన కొండ గుర్తుకు వచ్చి అత్తయ్య చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డారు. సాయంత్రపు వెలుగులో విమానాలు కిందికి దిగుతుండగా, అవతల ఇళ్ల మధ్య గిండీ అడవి పచ్చగా కనిపించింది. నేను చూసినవాటిలో చెన్నైని ప్రేమించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. తోమా తలదాచుకున్నాడని చెప్పే చిన్నమలై గుహ మెట్రోకు దగ్గరే గాని, చుట్టూ కాంక్రీటు కమ్ముకున్నందున అక్కడ ఎక్కువసేపు నిలువలేకపోయాము.

అన్ని మతాలలోనూ సత్యాన్ని వెదికే అడయారు దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ఆవరణలోని మర్రిచెట్టును చూడడానికి వెళ్లాలా అని మా బంధువులలో ఒకరు సంశయించారు. చెట్టును చేసినవాడు మన సృష్టికర్తే కనుక నాకు ఆ సంశయం లేదు. సందర్శకులను పరిమిత వేళల్లోనే లోపలికి పంపుతారు, ముందుగా కనుక్కుని వెళ్లాలి. వందల ఏళ్లనాటి ఆ మర్రి మూలకాండం 1989లో గాలివానకు కూలిపోయింది. అయినా అప్పటికే నేలను పట్టుకున్న ఊడలు మానులై, మధ్యలో ఖాళీని ఉంచుకుని, చుట్టూ విస్తరించాయి. కొత్త ఊడ కొనను దగ్గరగా చూశాను: పైనంతా గోధుమరంగు బెరడు, చివర మాత్రం లేత పసుపుగా, తడిగా, నేల కోసం వేలాడుతూ ఉంది. కూలిన చోటును దాచకుండానే ఆ చెట్టు అందంగా ఉంది.

బెసెంట్ నగర్‌లో ఎలియట్స్ బీచ్ వద్ద మేము చూసినది ఇంకా కఠినమైనది. జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. వీధి దీపాల వెలుగుకు తాబేలు పిల్లలు దారి తప్పుతాయి కనుక, విద్యార్థులూ స్వచ్ఛంద సేవకులూ 1988 నుండి రాత్రుళ్లు తీరం వెంబడి నడిచి, గుడ్లను సేకరించి, సంరక్షణ కేంద్రంలో పొదిగిస్తున్నారు. ఉదయం మాకు కనిపించినది, వలల్లో చిక్కి చనిపోయి ఒడ్డుకు కొట్టుకువచ్చిన పెద్ద తాబేలు. సాయంత్రం అదే ఇసుకలో పిల్లలను వదిలారు. అరచేతిలో పట్టేంత నల్లని పిల్ల ఒకటి, రెక్కకు ఇసుక అంటుకుని, అల వచ్చి వెల్లకిలా తిప్పేసినా మళ్లీ బోర్లబడి నీటివైపే పాకింది. వీటిలో చాలా కొద్దిపాటివే పెద్దవవుతాయని తెలిసినప్పుడు దేవుని ప్రేమ ఎక్కడని అడగకుండా ఉండలేము. పునరుత్థానుడైన ప్రభువు శరీరంలో గాయాల గుర్తులు మిగిలే ఉన్నాయి. సృష్టి అందంలో కూడా ఆ గుర్తులు ఉన్నాయని, వాటి పక్కన రాత్రంతా మేలుకునే మనుషుల శ్రమలో ఆయన ప్రేమను చూడగలమని నేను నమ్ముతున్నాను. పిచ్చుకను సైతం మరువని తండ్రిని గురించిన మాట ఆ ఇసుకలో నాకు ఓదార్పుగానూ, బాధ్యతగానూ వినబడింది.

పక్కనే ఉన్న అన్నై వేళాంగణ్ణి మందిరంలో ఆగస్టు 29 నుండి సెప్టెంబరు 8 వరకు ఉత్సవాల రద్దీ ఉంటుంది. ప్రశాంతత కోరేవారు ఆ రోజులు మానుకోవచ్చు. తాబేళ్ల కోసం వెళ్లేవారు అడయారులోనో బెసెంట్ నగర్‌లోనో, గేటు మూయని చోట, కింది అంతస్తు గదిని కాగితం మీద ఖాయం చేసుకుని దిగితే, పెద్దవారిని కూడా రాత్రి తీరానికి తీసుకువెళ్లగలరు.