సైటు ఐదిచ్చింది, నేను ఎనిమిదిస్తా

టెక్సస్‌లో ఇల్లు మారుతున్నాం అనగానే మనవాళ్లు మొదట అడిగేది స్కూల్ రేటింగ్. మా కొత్త అద్దె ఇంటికి పడే ఎలిమెంటరీ స్కూల్‌కి ఇళ్ల సైట్లో పదికి ఐదు. "లీజు మీద సంతకం పెట్టేముందు చూసుకోలేదా వదినా?" అని మా ఆడపడుచు ఫోన్లో ఒకటే గోల. పాప అక్కడే మూడు, నాలుగు తరగతులు చదివింది. ఇక నేను చెప్పొచ్చు.

ఆ టెన్షన్‌లో ఒక రాత్రి, టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఏటా పెట్టే స్కూల్ రిపోర్టు తెరిచి కూర్చున్నా. రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) పరీక్షలో గట్టెక్కినవాళ్లకి మూడు మెట్లు: అప్రోచెస్ (తరగతి స్థాయికి చేరువ), మీట్స్ (స్థాయికి సరిపడా), మాస్టర్స్ (స్థాయిని మించి). జాతుల వారీగా, ఆర్థికంగా వెనకబడినవాళ్లకి, ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి అంకెలు విడివిడిగా ఇస్తారు. మరీ కొద్దిమంది ఉన్నచోట అంకె బదులు నక్షత్రం గుర్తు (*).

ఈ స్కూల్లో సగానికి పైగా పిల్లలు ఫ్రీ లంచ్‌కో, తగ్గింపు లంచ్‌కో అర్హులు. అంటే ఇంటి ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి 185 శాతం దాటదు. చాలామంది ఇళ్లలో మాట్లాడేది స్పానిష్. రేటింగ్ తొమ్మిదున్న మా పాత స్కూల్లో అలాంటి పిల్లల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. రెండు స్కూళ్లలో ఆసియన్ పిల్లల వరుస పక్కపక్కన పెట్టి చూశా. 'మీట్స్' దగ్గర చెప్పుకోదగ్గ తేడా లేదు! అంటే సైట్ రేటింగ్‌లో తేడా చాలావరకు ఎలాంటి ఇళ్ల పిల్లలు చదువుతున్నారన్నదాన్ని బట్టే. దానికన్నా రాష్ట్రం స్కూళ్లకిచ్చే ఏ నుంచి ఎఫ్ గ్రేడు కాస్త నయం: మార్కులు, ఎదుగుదల రెండింట్లో మెరుగైనదాన్ని తీసుకుని 70 శాతం లెక్క దానికిస్తారు. మా స్కూల్‌కి బి వచ్చింది ఎదుగుదల పుణ్యమే.

అన్నట్టు, అడ్మిషన్ ఫారంలో మావారు 'అమెరికన్ ఇండియన్' (అంటే అమెరికా మూలవాసులు) గడి టిక్ చేయబోయారు. "మనం ఇండియన్సేగా, ఉండేది అమెరికాలోనేగా" అట. పెన్ను లాక్కున్నా.

టీచర్ సంగతి చెప్పాలి. మూడో తరగతిలో పాప రీడింగ్ ప్రాక్టీసులో పెద్ద జవాబు పేజీ నిండా రాసింది, మార్కులు మాత్రం రాలేదు. టీచర్ మమ్మల్ని పిలిచి ఆ పేజీ ముందు పెట్టి, పాఠంలోంచి తీసుకున్న వాక్యాలకి పసుపు గీత పెట్టమని పాపకే హైలైటర్ ఇచ్చింది. అది వెతికి వెతికి ఒక్కటీ గీయలేక నవ్వేసింది. ఆ రోజునుంచి ప్రతి జవాబుకీ గీతలే.

లోపాలూ ఉన్నాయి. మార్చి వచ్చిందంటే సైన్స్ ప్రయోగాలు మూలకి, ప్రాక్టీసు పేపర్లు బల్లమీదకి. లెక్కల్లో ముందున్న పిల్లలకి నాలుగో తరగతి దాకా ప్రత్యేకంగా ఏమీ లేదు. మేం ఇంట్లో చెప్పుకున్నాం. పికప్ లైన్లో రోజూ అరగంట.

వచ్చే ఏడు చిన్నాడిని ఇక్కడే కిండర్‌గార్టెన్‌లో వేస్తున్నాం. ఫారం మాత్రం నేనే నింపాను.