ఆరేళ్ల బాబుకీ పదకొండేళ్ల పాపకీ ఒకే యూట్యూబా?

మా ఇంట్లో చిన్నవాడికి ఆరేళ్లు, పెద్దమ్మాయికి పదకొండు. ఇద్దరూ అడిగేది యూట్యూబే. అన్నం తినిపించే వేళ నా ఫోనో, నానమ్మ ఫోనో వాళ్ల చేతికి వెళ్తుంది. అందులో ఉండేది పెద్దవాళ్ల అకౌంట్. మేం చూసే సీరియళ్లు, క్రైం వార్తలు, పిల్లల రైమ్స్ అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చేస్తాయి. రిస్ట్రిక్టెడ్ మోడ్ పెడితే చాలంటారు కొందరు. అది కొన్ని వీడియోలను దాస్తుంది గానీ అన్నిటినీ పట్టుకోలేదు. పైగా సెట్టింగ్స్ తెలిసిన పిల్లలు సులువుగా తీసేయగలరు. అందుకే నేను పోల్చి చూసింది మిగతా రెండు దారులనే: యూట్యూబ్ కిడ్స్ యాప్, మామూలు యూట్యూబ్‌లో తల్లిదండ్రుల పర్యవేక్షణ ఉండే అకౌంట్.

యూట్యూబ్ కిడ్స్ 2015లో వచ్చింది. నాలుగేళ్ల వరకు, 5 నుంచి 8, 9 నుంచి 12 అని వయసును బట్టి విభాగాలున్నాయి. టైమర్ పెడితే సమయం అవ్వగానే యాప్ ఆగిపోతుంది. అయితే వడపోతలో ఎక్కువ భాగం మెషీన్ చేసేదే. 2017లో పిల్లలకు బాగా తెలిసిన కార్టూన్ బొమ్మలతో భయంకరమైన వీడియోలు చేసి ఎక్కిస్తే, వాటిలో కొన్ని ఈ యాప్‌లోకి కూడా వచ్చేశాయి. దాన్ని ఎల్సాగేట్ అన్నారు. అందుకే వయసు విభాగం ఎంచుకుని వదిలేయడం నాకు సరిపోలేదు. మనం ఆమోదించిన వీడియోలు, ఛానెళ్లు మాత్రమే కనిపించే పద్ధతి కూడా ఇందులో ఉంది. అది పెడితే సెర్చ్ ఉండదు. మావాడికి అదే పెట్టాను. ఛానెళ్లు ఏరడానికి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. ఆ కష్టం పడాల్సిందే అంటాను.

ఒక జాగ్రత్త. ఈ యాప్‌లో పెద్దల సెట్టింగ్స్ తెరవడానికి ముందు ఒక గుణకారం అడుగుతుంది. ఎక్కాలు వచ్చిన పిల్లలకు అదేం తాళం? సొంత పాస్‌కోడ్ పెట్టుకోండి.

పెద్దమ్మాయి దగ్గర ఈ యాప్ పనిచేయలేదు. "ఇది చిన్నపిల్లలది" అని పక్కన పెట్టేసింది. సైన్స్ ప్రయోగాలు, క్రాఫ్ట్, డ్రాయింగ్ పాఠాలు తనకు కావాలి. బలవంతం చేస్తే స్నేహితురాలి ఫోన్‌లో చూస్తుంది, అప్పుడు మనకు ఏమీ తెలియదు. 2021లో వచ్చిన పర్యవేక్షణ అకౌంట్ ఈ వయసుకు నయం. పిల్లకు సొంత గూగుల్ అకౌంట్ తెరిచి మన అకౌంట్‌కు కలపాలి. అందులో మూడు స్థాయిలు: తొమ్మిదేళ్లు దాటినవారికి ఒకటి, పదమూడు దాటినవారికి ఒకటి, మూడోది పెద్దలకు మాత్రమే అన్నవి తప్ప దాదాపు అంతా. నేను మొదటి స్థాయే ఉంచాను. ఏం చూసిందో హిస్టరీలో కనిపిస్తుంది, వద్దనుకున్న ఛానెల్‌ని బ్లాక్ చేయొచ్చు, ఆటోప్లే ఆపొచ్చు. కానీ ఇక్కడ గేటు కిడ్స్ యాప్ కంటే చాలా వెడల్పు. వద్దనుకున్నది ఏదో ఒకటి తప్పించుకుని వస్తుందని అనుకునే ఉండాలి.

అందుకే ఆ హిస్టరీ చూస్తానని తనకు ముందే చెప్పాను. చాటుగా చూస్తే తనకు తెలిసిన రోజు నమ్మకం పోతుంది. చెడ్డది కనిపిస్తే తిట్లు పడవని, ఫోన్ లాక్కోనని కూడా చెప్పాను. తిడతారని భయపడే పిల్ల ఏ సెట్టింగ్ ఉన్నా దాచిపెడుతుంది.

కాబట్టి తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మనం ఏరిన ఛానెళ్లతో కిడ్స్ యాప్, ఆపైన పర్యవేక్షణ అకౌంట్ మేలని నా అభిప్రాయం. వీలైతే రెండూ హాల్లో టీవీ మీదే చూపించండి. పక్కన ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నా ఏం వస్తోందో చెవిన పడుతుంది.

మిగిలింది నానమ్మ ఫోన్. అందులోనూ కిడ్స్ యాప్ వేసి, ఆండ్రాయిడ్‌లో ఉండే యాప్ పిన్నింగ్ నేర్పించాను. ఐఫోన్‌లో ఇలాంటిదాన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు. పిన్ తీయాలంటే లాక్ అడిగేలా సెట్టింగ్ పెట్టి పిన్ చేస్తే, ఆ లాక్ తెలియకుండా చిన్నవాడు ఆ యాప్ దాటి బయటికి రాలేడు. అత్తయ్యకి నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు ఫోన్ ఇచ్చే ముందు తనే పిన్ చేసి ఇస్తోంది.