ఎండాకాలం హైదరాబాద్: గోల్కొండ మేలా, సాలార్‌జంగ్ మేలా?

నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. అందుకే బడులకు సెలవులిచ్చారంటే చాలు, పిల్లల్నీ పెద్దవాళ్లనూ కారెక్కించుకుని చాలామంది అటే పోతారు. గోల్కొండ, చార్మినార్, జూపార్కు, ట్యాంక్‌బండ్ అన్నీ ఒక్కరోజులో చుట్టేద్దామనుకుంటారు. మే నెల ఎండలో అది అయ్యే పని కాదు. ట్రాఫిక్‌లోనే సగం రోజు పోతుంది, పిల్లలు సోలిపోతారు. ఉన్నది ఒక్కరోజే అయితే గోల్కొండ వైపు పోవాలా, సాలార్‌జంగ్ మ్యూజియం-చార్మినార్ వైపు పోవాలా అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.

ఎండాకాలానికైతే నా ఓటు సాలార్‌జంగ్‌కే. అలాగని గోల్కొండను తక్కువ చేయడం లేదు. చూడదగ్గ చోట్లలో దానికి హైదరాబాద్‌లో సాటి లేదు. ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, ఎంతో ఎత్తున, కొండ కొన మీదున్న బాలాహిస్సార్ కట్టడంలో వినిపిస్తుంది. శత్రువు వచ్చిన కబురు పైకి చేరడానికి కట్టిన తీరు అది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను, అంటే రామదాసును, గోల్కొండ నవాబు తానీషా బంధించిన చెరసాల ఇక్కడే ఉంది. రామదాసు కీర్తనలు వింటూ పెరిగిన మన పెద్దవాళ్లు ఆ చీకటి గది ముందు నిలబడి దండం పెట్టుకుంటారు. 1687లో ఔరంగజేబు సైన్యం నెలల తరబడి ముట్టడించినా లొంగని కోట, చివరికి లోపలివాళ్ల ద్రోహంతో పోయింది. పదేళ్లు దాటిన పిల్లలకు ఈ కథ కోట గోడల మధ్య చెబితే మర్చిపోరు.

కానీ పైదాకా ఎక్కాలంటే సుమారు 360 మెట్లు. అన్నీ రాతివి, నీడ తక్కువ. పదకొండు దాటిందంటే గోడకు చెయ్యి ఆనించలేం. పొద్దున తొమ్మిదికి గేటు తీస్తే, ఎండ ముదిరేలోపు మీకు దొరికేది రెండు గంటలే. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ కిందే కూర్చుంటుంది, ఆమెకు తోడుగా ఇంకొకరు, చంటిపిల్ల ఉంటే తల్లి కూడా ఆగిపోతుంది. అంటే ఇంటిల్లిపాదీ కలిసి పోయి, సగం మంది కోట చూడకుండానే తిరిగొస్తారు. దిగొచ్చాక ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే వేడి మొహానికి కొడుతుంది, స్టీరింగ్ పట్టుకోలేం. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది గోల్కొండలోనే. ఆ వానలకు కొండ పచ్చబడ్డాక పోతే కోట నిదానంగా చూడొచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు.

సాలార్‌జంగ్ సంగతి వేరు. మధ్యాహ్నమంతా గడిచేది కప్పు కిందే. మెట్లెక్కలేని వాళ్లు కింది గదులు చూసుకోవచ్చు, అలసిపోతే కూర్చోవచ్చు. ఏడో నిజాం దగ్గర దివానుగా, అంటే ప్రధానమంత్రిగా, పనిచేసిన మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, జీవితాంతం పోగుచేసిన వస్తువులే ఇందులో ఎక్కువ. ఆయన పోయాక 1951లో వాళ్ల పాత ప్యాలెస్ దివాన్ దేవిడీలో మ్యూజియం పెట్టారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు.

పిల్లలతో పోతే పన్నెండు కొట్టే వేళకు మ్యూజియంలోని బొమ్మల గడియారం దగ్గర ఉండేలా చూసుకోండి. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కాబట్టి, ఎక్కువసేపు చూడాలంటే పన్నెండే మంచిది. సుత్తి పట్టుకున్న చిన్న కమ్మరి బొమ్మ సెకను సెకనుకూ కొడుతూనే ఉంటుంది. గంట కావడానికి రెండు మూడు నిమిషాల ముందు ఓ పక్క తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బొమ్మ బయటికొస్తుంది, లెక్క ప్రకారం గంట కొట్టి మళ్లీ లోపలికి పోతుంది. దీనికోసం జనం ముందే వచ్చి కుర్చీల్లో కూర్చుంటారు, పావుగంట ముందు పోతే చోటు దొరుకుతుంది. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన రెబెకా బొమ్మ దగ్గర మాత్రం తొందరపడొద్దు. మొహం మీద సన్నటి మేలిముసుగు, దాని కింద కళ్లూ ముక్కూ కనిపిస్తుంటాయి. ముసుగూ మొహమూ అంతా ఒకటే పాలరాయి. పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేచోటు నుంచి చూడండి.

అక్కణ్నుంచి చౌమహల్లా ప్యాలెస్. దర్బారు హాల్లో వేలాడే పెద్ద షాండ్లియర్లు చూసి, ఎండ తగ్గాక లాడ్ బజార్ మీదుగా చార్మినార్‌కు వస్తే, గాజుల బేరం కూడా అదే దారిలో అయిపోతుంది. ఇదంతా ఒకదాని పక్కన ఒకటి. గోల్కొండ వైపు మాత్రం కోట చూశాక మళ్లీ కారెక్కి ట్రాఫిక్‌లో పడాల్సిందే.

ఇక ఎలా పోవాలన్నది. నల్లగొండ, సూర్యాపేట వైపు వాళ్లు చౌటుప్పల్ మీదుగా ఎల్బీ నగర్‌కు వస్తారు. దేవరకొండ వాళ్లు ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చినా చేరేది అక్కడికే. కారు అక్కడితో ఆపేయండి. వనస్థలిపురంలోనో, హయత్‌నగర్‌లోనో చుట్టాలు లేని నల్లగొండ ఇల్లు అరుదు. వాళ్లింటి ముందు కారు పెట్టి, ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్)లో దిగొచ్చు. మూసీ దాటితే మ్యూజియమే. దగ్గరే అయినా ఎండలో నడవకుండా ఆటో ఎక్కండి. మదీనా, పత్తర్‌గట్టి రోడ్లలో కారు నడపడం, పార్కింగ్ వెతకడం పెద్ద టెన్షన్. చార్మినార్ చుట్టూ ఎలాగూ బండ్లను పోనివ్వరు.

మహబూబ్‌నగర్ వాళ్లకు లెక్క మారుతుంది. జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ దాటి ఆరాంఘర్‌కు వస్తే, అక్కడే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహిదీపట్నంలో దిగొచ్చు, గోల్కొండ అక్కణ్నుంచి దూరం కాదు. కోటకు మెట్రో లేదు కాబట్టి సొంత కారు వాళ్లకు అక్కరకొస్తుంది. ఇంట్లో అందరూ మెట్లెక్కగలవాళ్లే అయి, పొద్దున ఆరింటికల్లా బయల్దేరగలిగితే గోల్కొండే ముందు పెట్టుకోండి, పదకొండుకల్లా దిగిపోండి. అది కుదరక సాలార్‌జంగ్‌కే పోవాలనుకుంటే కారు ఇంట్లో పెట్టి బస్సెక్కడం మంచిది. రెండు జిల్లాల బస్సులూ ఎంజీబీఎస్‌కే వస్తాయి. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఖర్చు కూడా కలిసొస్తుంది.

సాయంత్రం ఓపిక మిగిలితే హుస్సేన్‌సాగర్. అక్కడి బుద్ధుడి విగ్రహం మన పాత నల్లగొండ జిల్లా రాయగిరి రాయి. 1990లో పడవ మీద తీసుకుపోతుంటే నీళ్లలో మునిగింది, 1992లో పైకి తీసి నిలబెట్టారు. ఈ మాట మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

రోజు ఎంచుకునేటప్పుడు ఒకటి చూసుకోండి. శుక్రవారం సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ మూసి ఉంటాయి. ఆ రోజే పోక తప్పదంటే పొద్దున్నే గోల్కొండ చూసేసి, మధ్యాహ్నం చుట్టాలింట్లో తిని పడుకుని, నాలుగు దాటాక బిర్లా మందిర్‌కో ట్యాంక్‌బండ్‌కో బయల్దేరండి. బిర్లా మందిర్‌లో చెప్పులు విడిచి పాలరాతి మీద నడవాలి, అంతకంటే ముందు పోతే పిల్లల పాదాలు కాలతాయి.