సింక్ మూసుకుపోతే నేను బయటికి తీసే మూడు పరికరాలు: చాలా ఏళ్ల వాడకం తర్వాత

గార్బేజ్ డిస్పోజర్, అంటే తిండి చెత్తను నూరి నీళ్లతో పాటు పైపులోకి పంపే మోటారు యంత్రం, అడుగున బిగించిన సింక్ మాది. నీళ్లు దిగడం ఆగిపోయినప్పుడు నాకు పనికొచ్చినవి మూడే: గిన్నె ఆకారపు ప్లంజర్, డిస్పోజర్‌తో పాటు ఇచ్చిన అలెన్ కీ (ఆరు పలకల వంపు కడ్డీ), చేత్తో తిప్పే స్ప్రింగ్ తీగ. డ్రెయిన్ క్లీనర్ డబ్బాలను ఇంట్లోకి రానివ్వను. ఎందుకో కింద చెబుతాను.

ముందు చెవి పెట్టి వినాలి. స్విచ్ వేస్తే గుయ్యిమంటూ తిరగకపోతే లోపల ఏదో ఇరుక్కుందని అర్థం, వెంటనే ఆపేయాలి. అసలు చప్పుడే లేకపోతే కరెంటు రావట్లేదు, లేదా మోటారు వేడెక్కి రక్షణ స్విచ్ పడిపోయింది. చక్కగా తిరుగుతున్నా నీళ్లు నిలిచిపోతే లోపం చాలావరకు కింది పైపుల్లోనే.

మూడింటిలో నేను ఎక్కువ మార్కులు వేసేది అలెన్ కీకే. సాధారణంగా పావు అంగుళం సైజు. చాలా డిస్పోజర్లకు అడుగున మధ్యలో దానికోసం ఒక రంధ్రం ఉంటుంది. ముందుగా స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్ కూడా పీకేయాలి. ప్లగ్ లేని రకమైతే బ్రేకర్ దించాలి. ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకండి. తర్వాత కీ పెట్టి అటూ ఇటూ తిప్పితే బిగుసుకున్న పళ్లెం వదులవుతుంది. లోపల అందరూ అనుకునే కత్తులు ఉండవు. తిరిగే పళ్లేనికి ఉన్న లోహపు ముక్కలు చెత్తను చుట్టూ ఉన్న రింగుకేసి నూరుతాయి. అయినా చెయ్యి పెట్టవద్దు. టార్చి వేసి చూసి, ఇరుక్కున్న చెంచానో ఎముకనో పట్టకారుతో తీయాలి. మోటారు చల్లారాక అడుగున ఉన్న రీసెట్ బటన్ నొక్కి, కరెంటు ఇచ్చి, చన్నీళ్లు వదిలి నడపాలి. చన్నీళ్లే ఎందుకంటే, వేడి నీళ్లలో కరిగిన కొవ్వు పైపులో ముందుకెళ్లి అక్కడ గడ్డకడుతుంది.

ప్లంజర్‌కు రెండో స్థానం. టాయిలెట్‌కు వాడేది వేరు, దీన్ని వంటగదికే ఉంచాలి. రబ్బరు అంచు మునిగేంత నీళ్లుండాలి. రెండు తొట్ల సింక్ అయితే రెండో రంధ్రాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి, లేకపోతే ఒత్తిడంతా అటు పోతుంది. డిష్‌వాషర్ గొట్టం కలిసి ఉంటే దాన్ని కూడా క్లిప్పుతో నొక్కి ఉంచాలి.

ఇక రసాయనాలు. చాలా డ్రెయిన్ క్లీనర్లలో ఉండేది కాస్టిక్ సోడా. నీళ్లు తగిలితే విపరీతంగా వేడెక్కుతుంది, చర్మాన్నీ కంటినీ కాలుస్తుంది. పోసినా అడ్డు తొలగకపోతే అది సింకులోనే నిలిచి ఉంటుంది. ఆ తర్వాత ప్లంజర్ వేస్తే ముఖం మీదికే చిమ్ముతుంది. ఇక యాసిడ్ రకం క్లీనర్‌కు బ్లీచ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. వంటసోడా, వెనిగర్ కలిపి పోయమని చాలామంది చెబుతారు. నురగ బాగానే వస్తుంది, కానీ రెండూ ఒకదాన్నొకటి తటస్థం చేసుకుంటాయి, గట్టిపడ్డ జిడ్డు కదలదు. మరిగే నీళ్లు కూడా పోయవద్దు: మామూలు పీవీసీ పైపులు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటాయి.

స్ప్రింగ్ తీగ కొంచెం విసిగిస్తుంది, అందుకే మూడో స్థానం. దాన్ని డిస్పోజర్‌లోంచి దూర్చకూడదు. కింద బక్కెట్ పెట్టి, వంపు పైపు నట్లు విప్పి, అందులోని మడ్డి దులిపేయాలి. చాలాసార్లు అడ్డు అక్కడే దొరుకుతుంది. దొరకకపోతే గోడలోకి వెళ్లే పైపులోకి తీగ తిప్పుతూ పంపాలి. బిగించేటప్పుడు వాషర్లు సరిగ్గా కూర్చున్నాయో చూసి, నీళ్లు వదిలి, ప్రతి అతుకునూ పొడి కాగితంతో తుడిస్తే సన్నటి కారుడు కూడా బయటపడుతుంది. తీగను కడిగి పూర్తిగా ఆరబెట్టి దాచాలి. తడిగా చుట్టేస్తే తుప్పు పట్టి, తర్వాతిసారి వంపు దగ్గరే విరుగుతుంది.